ఆ బూడిదరంగు బురదను కదిపేముందు

ఈసారి వచ్చిన ఉత్తరాలు పక్కపక్కన పెట్టి చదివాను. రాసినవాళ్లు ఒకరికొకరు తెలియదు. ఒకరు కుంట తవ్వించారు, ఒకరు పునాది తీస్తున్నారు, ఇంకొకరి చెరువులో చేపలు చచ్చిపోయాయి. కానీ అందరూ అడుగుతున్నది ఒకే మట్టి గురించి. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే సంచికకు ఉంచి, ఈసారి మొత్తం ఆమ్ల సల్ఫేట్ నేలల గురించే, అంటే గాలి తగిలితే ఆమ్లం పుట్టే మట్టి గురించే రాస్తున్నాను. ముప్పై ఏళ్లు మట్టి పరీక్షల ల్యాబ్‌లో పనిచేసినదాన్ని. ఈ మట్టి దగ్గర నేను చేసిన తప్పు కూడా ఒకటుంది, దాని సంగతీ చెబుతాను.

ప్రశ్న: సముద్రానికి దగ్గర్లో ఉన్న పల్లపు భూమిలో నీటి కుంట తవ్వించాం. ఆరడుగుల లోతు దాటాక వెన్నలా మెత్తగా, నీలం కలిసిన బూడిదరంగులో బంకమన్ను వచ్చింది. మంచి ఒండ్రు కదా అని గట్టు మీదే పరిచాం. నాలుగు నెలలైంది. మొదటి నెలంతా ఏమీ కనిపించలేదు, తర్వాత ఉన్నట్టుండి ముదిరింది. మన్ను ఎండి పగిలింది, పగుళ్ల వెంట లేత పసుపు చారలొచ్చాయి. గడ్డిపోచ కూడా మొలవలేదు. కుంటలో నీళ్లు తుప్పురంగుకు తిరిగాయి. ఎవరైనా కావాలని ఏమైనా కలిపారేమోనని అనుమానంగా ఉంది.

జవాబు: ఎవరూ ఏమీ కలపలేదండీ. ఆ మట్టిలో ఉన్నదే బయటికొచ్చింది.

మీరు తీసిన మన్ను ఒకప్పుడు ఆటుపోట్ల నీళ్లు నిలిచిన చిత్తడి అడుగు. చివరి మంచుయుగం తర్వాత సముద్ర మట్టం పెరిగి తీరపు పల్లాల్లోకి నీళ్లు చొచ్చుకొచ్చాయి. గత 10,000 ఏళ్లలో మడ అడవుల కింద, ఉప్పునీటి చిత్తడుల కింద ఒండ్రు పేరుకుంటూ వచ్చింది. సముద్రపు నీళ్లలో సల్ఫేట్ అనే గంధకపు లవణం ఉంటుంది. ఒండ్రులో ఇనుము ఉంటుంది. రాలిన ఆకులూ వేళ్లూ అందులోనే కుళ్లుతుంటాయి. గాలి చొరబడని ఆ బురదలో కొన్ని రకాల బ్యాక్టీరియా ఆక్సిజన్‌కు బదులు సల్ఫేట్‌ను వాడుకుని బతుకుతాయి. అలా పుట్టిన సల్ఫైడ్ ఇనుముతో కలిసి చివరికి పైరైట్ అనే ఖనిజమవుతుంది. కంటికి కనిపించనంత సన్నని రేణువులు. నీళ్ల కింద ఉన్నంతకాలం వేల ఏళ్లయినా వాటివల్ల ఎవరికీ హాని లేదు.

మీరు ఆ మన్ను తీసి గట్టు మీద పరిచారు. గాలి తగిలింది. పైరైట్‌లోని గంధకం ఆక్సిజన్‌తోనూ నీటితోనూ కలిసి గంధకామ్లం అయింది. బ్యాటరీల్లో పోసే యాసిడ్ అదే. 1 కిలో పైరైట్ పూర్తిగా ఇలా మారితే సుమారు 1.6 కిలోల గంధకామ్లం తయారవుతుంది. పైగా పీహెచ్ (ఆమ్లాన్ని చెప్పే అంకె, 7 అయితే తటస్థం, తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 4 కంటే కిందికి దిగాక, కరిగిన ఇనుమే మిగిలిన పైరైట్‌ను తినడం మొదలుపెడుతుంది. ఇనుము మీద బతికే బ్యాక్టీరియా ఆ పనికి వేగం పెంచుతుంది. మొదటి నెలంతా ఏమీ లేనట్టుండి, తర్వాత ఉన్నట్టుండి ముదిరిందని మీరు రాశారు చూడండి, దానికి కారణం ఇదే.

ఆ పసుపు చారల సంగతి. ఒక పెడ్డ తీసుకుని చేత్తో విరవండి. బయట బూడిదరంగు, పాత వేరు నడిచిన సన్నని గొట్టంలాంటి రంధ్రం, దాని గోడకు ఎండుగడ్డి రంగులో పొడి అంటుకుని ఉంటుంది. గోటితో గీకితే వచ్చేస్తుంది. దాని పేరు జారోసైట్. బాగా గాలి తగిలి, పీహెచ్ 4 కంటే తక్కువగా ఉన్నచోటే అది ఏర్పడుతుంది. అది కంటపడ్డాక నాకు పరీక్ష రిపోర్టుతో పనిలేదు, ఆ మట్టిలో ఆమ్లం పుట్టేసినట్టే. నెదర్లాండ్స్‌లో సముద్రపు బురదనేలలను ఎండగట్టి సాగుచేసిన రైతులు ఇలాంటి మట్టిని ‘పిల్లి బంకమన్ను’ అని పిలిచేవారు. అంటే ఇది కొత్తగా వచ్చిన జబ్బు కాదు.

ఇప్పుడు ఆ మన్నును తిరిగి కుంటలోకి తోసేయకండి. తవ్విన రోజే అయితే అదే మంచి పని అయ్యేది. ఇప్పుడు అందులో తయారైన ఆమ్లం ఉంది, నీళ్లలో వేస్తే అంతా నీళ్లలోకే వస్తుంది. ముందు గట్టు చుట్టూ చిన్న అడ్డుకట్ట పోసి వాన నీళ్లు బయటికి పారకుండా ఆపండి. తర్వాత ల్యాబ్‌లో పరీక్ష చేయించి, వాళ్లు చెప్పిన మోతాదులో మెత్తటి సున్నపురాయి పొడి కలపండి. పైన చల్లితే చాలదు, మన్నులో కలిసిపోయేలా తిరగదున్నాలి.

ప్రశ్న: మా నేల మీద తెల్ల పొరలున్నాయి. చౌడు అయ్యుంటుంది, జిప్సం చల్లు అని తెలిసినవాళ్లు అంటున్నారు. చల్లమంటారా?

జవాబు: ముందు పీహెచ్ చూడండి. జిప్సం పనిచేసేది సోడియం ఎక్కువైన క్షార నేలకు, అంటే పీహెచ్ 8.5 దాటిన చౌడుకు. ఆమ్ల సల్ఫేట్ నేలలో ఆమ్లాన్ని విరిచే శక్తి జిప్సానికి లేదు. డబ్బు పోతుంది, ఆమ్లం అలాగే ఉంటుంది. చౌడును బాగుచేయడానికి వాడే గంధకం పొడి మాత్రం ఈ మట్టి దరిదాపులకు కూడా తేవద్దు. పైకి కనిపించే తెల్ల పొర రెండు నేలల్లోనూ ఉండొచ్చు, దాన్ని చూసి మందు నిర్ణయించకూడదు.

ప్రశ్న: తవ్వకముందే ఇది అలాంటి మట్టి అని ఎలా తెలుసుకోవాలి? మట్టి పరీక్ష చేయిస్తే పీహెచ్ 7 వచ్చింది. నిశ్చింతగా ఉండొచ్చా?

జవాబు: ఉండొద్దు. నేను చేసిన తప్పు సరిగ్గా ఇదే.

ఉద్యోగంలో చేరిన కొత్తలో తీరపు పల్లంలోంచి ఒక నమూనా వచ్చింది. మెత్తని బూడిదరంగు బంకమన్ను, గుడ్డసంచిలో పంపారు. పీహెచ్ 7.1 వచ్చింది. ‘ఇబ్బంది లేదు’ అని రిపోర్టు రాసి, మిగిలిన మన్నును సంచితో సహా అల్మారా అరలో పెట్టేశాను. ఆరు వారాల తర్వాత వేరే పని మీద ఆ సంచి ఎత్తితే అడుగు గుడ్డ చేతిలోనే చిరిగిపోయింది. లోపలి మన్ను మీద పసుపు మచ్చలు. మళ్లీ పీహెచ్ చూస్తే 3.2. అప్పటికే అక్కడ తవ్వకం అయిపోయింది, కాలువలో నీళ్లు ఎర్రబడ్డాయని కబురు కూడా వచ్చింది. నా రిపోర్టు నమ్మి తవ్విన మనుషులు వాళ్లు. అంకె తప్పు కాదు, ఆ అంకె చూసి నేను చెప్పిన మాట తప్పు. నీళ్ల కింద ఉన్న పైరైట్ మట్టి పీహెచ్ సాధారణంగా 7 దగ్గరే ఉంటుంది. మనం అడగాల్సింది ఇప్పుడు ఎంత ఆమ్లం ఉందని కాదు, గాలి తగిలితే ఎంత పుడుతుందని.

దానికి పొలంలో చేసే పరీక్ష ఒకటుంది. పరీక్ష గొట్టంలో కొద్దిగా మట్టి వేసి 30 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తారు. గాలి నెలల తరబడి చేసే పనిని అది కొన్ని నిమిషాల్లో చేసేస్తుంది. పైరైట్ ఎక్కువగా ఉన్న మట్టయితే బుసబుసా పొంగి, ఆవిరొచ్చి, గొట్టం పట్టుకోలేనంత వేడెక్కుతుంది. చల్లారాక పీహెచ్ 3 కంటే తక్కువకు పడి, మొదటి పీహెచ్ కంటే కనీసం 1 పాయింటైనా తగ్గితే గట్టి అనుమానం పెట్టుకోవాలి. కుళ్లిన ఆకులున్నా, మాంగనీస్ ఉన్నా మట్టి పొంగుతుంది, కాబట్టి పొంగు ఒక్కటే చూసి తేల్చకూడదు. ఆ పెరాక్సైడ్ చర్మాన్ని కాలుస్తుంది. చేతి తొడుగులు, కళ్లద్దాలు లేకుండా, నేర్చుకోకుండా ఎవరూ ముట్టుకోవద్దు.

మీరు సొంతంగా చేసుకోగలిగింది ఇంకొకటి ఉంది, ఖర్చు తక్కువ, ఓపిక ఎక్కువ కావాలి. తవ్వాలనుకున్న లోతు దాకా, వీలైతే ఇంకో మీటరు కిందికి చేతి బోరుతో మట్టి తీయండి. ప్రతి పావు మీటరుకో ముక్క. ఒక్కో ముక్కను సెంటీమీటరు మందాన మూత లేని చిన్న డబ్బాలో పరిచి, ఆరిపోకుండా అప్పుడప్పుడూ మామూలు నీళ్లు చిలకరిస్తూ కనీసం 8 వారాలు ఉంచండి. మొదటి రోజు, చివరి రోజు పీహెచ్ పట్టీతో చూసి రాసుకోండి. 4కో అంతకంటే కిందికో దిగితే ఆ లోతు జోలికి పోవద్దు. ల్యాబ్‌కు పంపే ముక్కలను మాత్రం దీనికి పూర్తిగా వ్యతిరేకంగా చూసుకోవాలి. గాలి లేకుండా బిగించిన ప్లాస్టిక్ సంచిలో, ఐస్ మీద పెట్టి, 24 గంటల్లో చేరేలా పంపాలి. అది కుదరకపోతే గడ్డకట్టించి ఉంచాలి. గుడ్డసంచి వద్దు.

ప్రశ్న: మాకు చేపల చెరువుంది. ఎండలు ముదిరి గట్లు పగిలాయి. తర్వాత మొదటి పెద్ద వాన పడింది. మర్నాటికి నీళ్లు అద్దంలా తేటబడ్డాయి, అడుగు కనిపించింది. ఇంత శుభ్రమైన నీళ్లు ఎప్పుడూ చూడలేదని సంతోషించాం. సాయంత్రానికి చేపలు తేలడం మొదలైంది. బతికినవాటిలో కొన్నింటికి తర్వాత ఒంటి మీద ఎర్రటి పుండ్లొచ్చాయి.

జవాబు: మీ ఉత్తరం చదువుతుంటే బాధేసింది. ఆ తేటదనమే అసలు ప్రమాద సూచన.

బురదనీళ్లలో పటిక వేస్తే బురద అడుగుకు దిగి నీళ్లు తేరుకోవడం మీకు తెలుసు. పటికలో పనిచేసేది అల్యూమినియం. మీ గట్ల మట్టిలో ఎండాకాలమంతా పుట్టిన గంధకామ్లం బంకమన్నునే కరిగించి అందులోని అల్యూమినియాన్ని విడదీసింది. మొదటి వాన దాన్ని చెరువులోకి కడిగేసింది. ఎవరూ వేయకుండానే చెరువు నిండా పటిక పడ్డట్టయింది. ఆ అల్యూమినియమే చేపల మొప్పల మీద పేరుకుని ఊపిరి ఆడనివ్వలేదు. కరిగిన ఇనుము కూడా నీళ్లలో తుప్పురంగు తుంపులుగా విడిపోయి మొప్పలకు అడ్డుపడుతుంది.

పుండ్లు వేరే దారిలో వచ్చాయి. ఆమ్లం చేప చర్మాన్ని దెబ్బతీస్తే, బూజులాంటి అఫనోమైసిస్ అనే సూక్ష్మజీవి ఆ గాయంలోంచి లోపలికి పోతుంది. పుండుకు మందు వేసినా, ఆమ్లం ఆగకపోతే మళ్లీ వస్తుంది.

ఇప్పుడు చేయాల్సింది గట్ల పని. పైరైట్ లేని మంచి మట్టి తెచ్చి గట్టును మందంగా కప్పి, దిమ్మిసకొట్టి, గడ్డి పెంచండి. కప్పే ముందు గట్టు మట్టిలో సున్నపురాయి పొడి కలపండి. గట్టు లోపలి అంచున చిన్న బోదె తీసి, తొలి వానల నీళ్లు నేరుగా చెరువులోకి దిగకుండా ఒకచోట పట్టి ఉంచి, సున్నంతో విరిచాక వదలండి. చెరువు అడుగును పగుళ్లు తీసేదాకా ఎండనివ్వొద్దు. ఎండబెట్టి, నింపి, కడిగి బయటికి వదిలేస్తే నాలుగైదు సార్లకు ఆమ్లం పోతుందని చాలామంది సలహా ఇస్తారు. మీ చెరువులోంచి పోతుంది, నిజమే. కాలువలో దిగువనున్న వాళ్ల చేపల మీదికి పోతుంది. ఆ సలహా నేను ఇవ్వను.

నీళ్లలో సున్నం వేయాల్సి వస్తే తొందరపడకండి. సున్నపురాయి పొడి నెమ్మదిగా పనిచేస్తుంది కానీ పీహెచ్‌ను 8 చుట్టుపక్కల దాటనివ్వదు. తడిసున్నం వెంటనే పనిచేస్తుంది, కానీ దాని పీహెచ్ 12 దాటి ఉంటుంది. గుప్పెడు ఎక్కువైతే బతికిన చేపలు ఈసారి క్షారంతో చస్తాయి. కొద్దికొద్దిగా వేస్తూ, కలుపుతూ, కొలుస్తూ పోవాలి.

ఇంకొక ఉపాయం. ఈసారి నీటి పరీక్షలో క్లోరైడ్, సల్ఫేట్ రెండూ కొలవమని అడగండి. సముద్రపు నీళ్లలో బరువు లెక్కన క్లోరైడ్ సల్ఫేట్‌కు సుమారు ఏడు రెట్లుంటుంది. ఉప్పునీటి చెరువులో ఆ నిష్పత్తి 4 కంటే తగ్గిందంటే సముద్రం నుంచి రాని సల్ఫేట్ ఎక్కడినుంచో వచ్చి కలుస్తోంది. చాలాసార్లు పీహెచ్ పడిపోకముందే ఈ లెక్క పట్టించేస్తుంది.

ప్రశ్న: సైట్ ఇంజనీర్‌ని. బేస్‌మెంట్ కోసం తవ్వుతున్నాం. నమూనాల్లో 0.8 శాతం గంధకం వచ్చింది. 200 టన్నుల మన్ను తీస్తాం. ‘తవ్వేశాక ఓ రెండు లారీల సున్నం కొట్టేద్దాం’ అంటున్నారు మా కాంట్రాక్టర్. ఎంత సున్నం పడుతుంది? టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు లెక్క చూద్దాం. 1 శాతం పైరైట్ గంధకం ఉన్న 1 టన్ను ఎండు మట్టికి, పుట్టబోయే ఆమ్లమంతా విరవడానికి 31.2 కిలోల స్వచ్ఛమైన కాల్షియం కార్బొనేట్ కావాలి. పొలంలో ఎంత కలిపినా ల్యాబ్‌లో కలిసినట్టు కలవదు, కాబట్టి ఒకటిన్నర రెట్లు తీసుకుంటారు. అంటే 46.8 కిలోలు. మీ 0.8 శాతానికి టన్నుకు సుమారు 37.4 కిలోలు. 200 టన్నులకు దాదాపు 7.5 టన్నులు. మీకు దొరికే పొడి 90 శాతమే పనిచేసేదైతే 8.3 టన్నులు. ఇది మొత్తం ఆమ్లం లెక్క కాదు సుమా. మట్టిలో ఇప్పటికే పుట్టిన ఆమ్లం, జారోసైట్‌లో దాగిన ఆమ్లం ల్యాబ్ చెబితే అవి కూడా కలపాలి. మట్టిలో గవ్వలున్నాయి కాబట్టి సున్నం తగ్గించొచ్చని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. పెద్ద గవ్వ మీద ఇనుము, జిప్సం పొరకట్టేస్తాయి. లోపల సున్నం ఉన్నా బయటి ఆమ్లానికి అందదు.

‘తవ్వేశాక’ అన్న మాట దగ్గరే నా అభ్యంతరం. ఇసుక మట్టయితే గాలి తగిలిన కొన్ని గంటల్లోనే పని మొదలవుతుంది, బంకమన్ను కొన్ని రోజులు ఆగుతుంది. మన్ను వేయబోయే చోట ముందే సున్నపు పొర పరిచి, చుట్టూ అడ్డుకట్ట పోసి, తీసిన మన్నును పలచటి పొరలుగా పరుస్తూ ఒక్కో పొరకూ సున్నం కలుపుతూ పోవాలి. పొరపొరకూ నమూనా తీసి చూడాలి. గుట్టపోసి పైన సున్నం చల్లితే, లోపల వేడెక్కి యాసిడ్ అడుగునుంచి కారుతుంది. పైకి మాత్రం గుట్ట తెల్లగా, చక్కగా కనిపిస్తుంది.

అన్నిటికంటే ఎక్కువ భయం మీ మోటార్ల గురించి. గోతిలో నీళ్లు తోడుతున్నప్పుడు భూగర్భ జలం ఒక గోతి దగ్గరే దిగదు. గరాటు ఆకారంలో చుట్టూ దిగుతుంది. పార పడని పక్క స్థలం కింద కూడా పైరైట్ మట్టి నీళ్లలోంచి బయటపడి గాలి పీల్చుకుంటుంది. మీరు 200 టన్నులకు సున్నం కొలుస్తుంటే, మీ లెక్కలో లేని మట్టి పక్కన ఆమ్లంగా మారుతుంటుంది. వీలైతే బేస్‌మెంట్ లోతు తగ్గించమని డిజైన్ వాళ్లను అడగండి. వీలుకాకపోతే నీళ్లు దిగకుండా చుట్టూ షీట్ పైల్స్‌తో, అంటే నేలలోకి దించే పలకలతో మూసి, చిన్న భాగాలుగా తవ్వి, తోడే రోజులు తగ్గించండి. తోడిన నీళ్లను పీహెచ్ చూసి విరవకుండా కాలువలోకి వదలొద్దు. సల్ఫేట్‌ను తట్టుకునే సిమెంట్ వేస్తున్నాం కదా అని ధీమా వద్దు. అది సల్ఫేట్‌ను తట్టుకుంటుంది కానీ ఆమ్లాన్ని తట్టుకోదు.

ప్రశ్న: పాత మురుగు కాలువ పూడిక తీయాలి. అడుగున గ్రీజులాంటి నల్లటి బురద ఉంది.

జవాబు: ఎండాకాలపు మధ్యలో, నీళ్లు కదలకుండా ఉన్నప్పుడు దాన్ని కలియబెట్టకండి. అది ఐరన్ మోనోసల్ఫైడ్. పైరైట్‌కు వారాలు పడితే దీనికి నిమిషాలు చాలు, నీళ్లలోని ఆక్సిజన్‌ను మొత్తం లాగేస్తుంది. కాలువలో చేపలు ఊపిరాడక చచ్చేది ఇలాగే. తప్పనిసరై తీస్తే ఒడ్డున కుప్పపోయకుండా, సున్నం పరిచిన చోటికే నేరుగా తీసుకెళ్లాలి. కాలువను పాత లోతు కంటే ఒక్క అంగుళం కూడా ఎక్కువ తవ్వొద్దు.

ప్రశ్న: స్థలాల అనుమతుల విభాగంలో పనిచేస్తున్నాను. ఈ నేలల మీద నిబంధన రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? ఎవరైనా ముందే రాసినవి ఉన్నాయా?

జవాబు: ఈ ప్రశ్న కోసం చాలా ఏళ్లుగా ఎదురుచూస్తున్నానమ్మా.

ఈ విషయంలో ఎక్కువ దూరం నడిచింది ఆస్ట్రేలియా. దెబ్బ తిన్నాకే నడిచింది. 1987లో న్యూ సౌత్ వేల్స్‌లోని ట్వీడ్ నదిలో, కరువు తర్వాత వచ్చిన పెద్ద వానలకు, కాలువలు తీసి ఎండగట్టిన పల్లపు నేలల ఆమ్లమంతా కొట్టుకొచ్చి చేపలు విపరీతంగా చనిపోయాయి. నీళ్లు అద్దంలా తేటగా ఉన్నాయి. తర్వాత అక్కడ మ్యాపులు గీశారు, 1998లో పూర్తి మాన్యువల్ తెచ్చారు, 2000లో దేశమంతటికీ ఒక వ్యూహం ప్రకటించారు.

న్యూ సౌత్ వేల్స్ పద్ధతి నాకు బాగా నచ్చింది. భూమిని 5 తరగతులుగా మ్యాపులో రంగులేస్తారు. 1వ తరగతిలో ఏ పని చేసినా అనుమతి కావాలి. 2వ దాంట్లో నేలమట్టం కిందికి వెళితే, 3వ దాంట్లో 1 మీటరు దాటితే, 4వ దాంట్లో 2 మీటర్లు దాటితే. 5వ తరగతి అసలు ఆ మట్టి ఉన్న నేలే కాదు, దానికి 500 మీటర్లలోపు ఉన్న పొరుగు నేల. అక్కడ చేసే పని వల్ల పల్లంలో భూగర్భ జలం దిగేలా ఉంటే అప్పుడు అనుమతి కావాలి. ఇంజనీరు గారికి చెప్పిన గరాటును గుర్తుతెచ్చుకోండి, ఆ 5వ తరగతి దానికోసమే. ఏ గీత దాటితే అడగాలో ఇల్లు కట్టుకునే మామూలు మనిషికి కూడా మ్యాపు చూడగానే తెలిసిపోతుంది.

క్వీన్స్‌లాండ్ 2002లో తెచ్చిన విధానం పరిమాణం మీద నడిచింది. సముద్ర మట్టానికి 5 మీటర్ల ఎత్తులోపు ఉన్న మట్టిని 100 ఘనమీటర్లు అంతకంటే ఎక్కువ తవ్వితే, లేదా సగటున అర మీటరు, అంతకంటే ఎక్కువ మందాన 500 ఘనమీటర్లు అంతకంటే ఎక్కువ మెరక పోస్తే పరీక్షలు చేయించాల్సి ఉండేది. మెరక పోయడానికి కూడా ఎందుకని మా దగ్గరికి వచ్చినవాళ్లు అడిగేవాళ్లు. పైన బరువు పడితే కింద వెన్నలాంటి బురద పక్కకు పొంగి నీళ్లలోంచి పైకి లేస్తుంది. ఆమ్లపు నీళ్లు కూడా నొక్కుడుకు బయటికొస్తాయి. తవ్వకుండానే తవ్వినంత పని అవుతుంది.

ఏ మోతాదు దగ్గర చర్య తీసుకోవాలన్నదానికీ వాళ్ల అంకెలున్నాయి. తవ్వేది 1,000 టన్నుల లోపైతే ఇసుక నేలలో 0.03 శాతం, గరప నేలలో 0.06, బంకమన్నులో 0.1 శాతం గంధకం దగ్గర యాజమాన్య ప్రణాళిక తప్పనిసరి. 1,000 టన్నులు దాటితే ఏ మట్టికైనా 0.03 శాతమే. ఇసుకకు ఆమ్లాన్ని సొంతంగా ఓర్చుకునే శక్తి తక్కువ కనుక దాని గీత కింద ఉంది.

మీరు రాసే నిబంధనలో ఇవన్నీ దించేయక్కర్లేదు. నా అనుభవంలో చెప్పాలనుకునేవి రెండున్నాయి. ఘనపరిమాణం ఒక్కదాన్నే గీతగా పెడితే, 100 ఘనమీటర్ల దగ్గర గీత ఉన్నచోట 95 ఘనమీటర్ల దరఖాస్తులు వరసగా వస్తాయి. ఒక్కో రైతు తీసే చిన్న బోదె ఏ గీతా దాటదు, వంద బోదెలు కలిసి ఆ పల్లాన్నంతా ఎండగడతాయి. కాబట్టి ‘ఎంత తవ్వుతున్నారు’ అనే ప్రశ్న పక్కనే ‘నీటి మట్టం ఎంత దింపుతున్నారు’ అనే ప్రశ్న కూడా ఉండాలి. న్యూ సౌత్ వేల్స్ 1 టన్ను లోపు చిన్న పనులకు మినహాయింపు ఇచ్చింది, కానీ నీటి మట్టం దిగే అవకాశం లేకపోతేనే. ఆ షరతే ముఖ్యం.

రెండోది, దరఖాస్తు ఫారంలో మొదటి గడి ‘ఎంత సున్నం కలుపుతారు’ అని ఉండకూడదు. ‘ఈ మట్టిని ముట్టకుండా ఈ పని చేయలేరా?’ అని ఉండాలి. లోతు తగ్గించొచ్చు, స్థలం కొంచెం జరపొచ్చు, బేస్‌మెంట్ మానుకోవచ్చు. అవేవీ కుదరవని తేలాకే సున్నం సంగతి. సున్నాన్ని ముందు పెడితే అందరూ దాన్ని అనుమతికి కట్టే రుసుములా చూస్తారు. పని పూర్తయ్యాక నీటి పీహెచ్ కొలవడానికి ఎవరు బాధ్యులో, ఎన్ని వానాకాలాలు కొలవాలో పేరుతో సహా అనుమతి పత్రంలోనే రాయండి. నేను చూసిన ఫైళ్లలో ఎక్కువగా ఖాళీగా ఉండిపోయిన గడి అదే.

ప్రశ్న: విద్యార్థిని. పాడైపోయిన ఇలాంటి నేల మళ్లీ బాగుపడుతుందా? నేను నేర్చుకోవడం ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: బాగుపడిన చోటొకటి ఉంది. క్వీన్స్‌లాండ్‌లో కెయిర్న్స్ దగ్గర ఈస్ట్ ట్రినిటీ. 1970లలో చెరకు వేద్దామని ఆటుపోట్ల నేలకు గట్టు కట్టి సముద్రాన్ని ఆపేశారు. నేల ఎండింది, ఆమ్లమైంది, చెట్లు చచ్చాయి, చేపలు చచ్చాయి. 2000లో అక్కడి ప్రభుత్వం ఆ భూమిని కొన్నది. దాన్నంతా సున్నంతో నింపడం అయ్యే పని కాదు. గేట్లు కొద్దికొద్దిగా తెరిచి సముద్రాన్ని తిరిగి రానిచ్చారు, వచ్చిపోయే నీటిలో అవసరమైనంత సున్నం కలిపారు. సముద్రపు నీళ్లలోని బైకార్బొనేట్ కొంత ఆమ్లాన్ని విరిచింది. నేల మళ్లీ తడిసి గాలి ఆగిపోగానే పాత బ్యాక్టీరియా తమ పని మొదలుపెట్టింది, సల్ఫేట్‌ను తిరిగి సల్ఫైడ్‌గా మార్చడం. చేపలు, మడ చెట్లు తిరిగొచ్చాయి.

అన్నిచోట్లా ఇది కుదరదు. కేరళలోని కుట్టనాడులో కరి నేలలని నల్లటి ఆమ్ల నేలలున్నాయి, సముద్ర మట్టం కంటే దిగువన వరి పండిస్తారు. అక్కడ ఉప్పునీళ్లు రానిస్తే వరి పోతుంది, పూర్తిగా ఎండగడితే ఆమ్లం లేస్తుంది. నీటి మట్టాన్ని పైరైట్ పొరకు పైనే నిలబెట్టుకుంటూ సాగు చేయడమే దారి. దానికి ఒక రైతు చాలడు, ఆ పల్లంలో నీళ్లు పంచుకునే వాళ్లందరూ ఒక మాట మీదుండాలి.

మొదలుపెట్టడానికి పుస్తకం అక్కర్లేదు. తీరపు పల్లంలో ఒక కాలువ ఎంచుకోండి. నీటి మీద నూనెలాంటి తెట్టు కనిపిస్తే పుల్లతో కదపండి. అద్దం ముక్కల్లా పగిలితే అది ఇనుము బ్యాక్టీరియా పొర, మళ్లీ కలిసిపోతే నిజంగా నూనె. ఒడ్డున తుప్పు మరకలున్నాయేమో, నీళ్లు అక్కర్లేనంత తేటగా ఉన్నాయేమో చూడండి. వారానికోసారి ఒకే చోట, ఒకే వేళకు పీహెచ్ చూడండి. పొడి వారాల తర్వాత మొదటి వాన పడ్డ మర్నాడు మాత్రం తప్పకుండా వెళ్లండి. తేదీ, ముందురోజు వాన పడిందా లేదా, పీహెచ్, నీటి రంగు ఒక నోటుబుక్కులో రాసి ఒక ఏడాది అయ్యాక నాకు పంపండి. ప్రతి పేజీ చదివి జవాబు రాస్తాను.